ఆమె మూర

ఆమె ఇంకో తొమ్మిది రోజులు బతికి ఉండాల్సింది. ఆదివారం నాకు ఆమెతో పని ఉంది.

సోమవారం పొద్దున తాండూరులో మా బండల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నలభై దాటినవాడు. పెద్దేముల్ దగ్గర గొర్లు పెట్టుకుని బతుకుతున్నాడట. తల్లి శుక్రవారం పోయిందని, తమ చేన్లోనే మట్టి చేశామని, మీద పరవడానికి బండ కావాలని చెప్పాడు. తల్లి ఎవరని అడిగితే, కోట్‌పల్లి చెరువు దగ్గరి రిసార్టులో పట్నపోళ్లకు ఇటలీ వంట నేర్పేది అన్నాడు.

అలాంటప్పుడు అనాల్సిన మాటలు నాకు తెలుసు. అన్నాను. కానీ లోపల ముందు లేచింది బాధ కాదు, కోపం. ఆ ఆదివారం కోసం నేను మూడు సిద్ధం చేసుకుని ఉన్నాను. ఒకటి, ఇరవైమూడు ప్రయత్నాల పట్టిక. రెండు, ఒక స్టీలు డబ్బా. మూడు, ఆమె ముందు చెప్పాల్సిన ఒకే ఒక్క వాక్యం. ఇంత తయారీ చేసుకున్న మనిషిని మధ్యలో వదిలేసి వెళ్లిపోవడం సరిగ్గా ఆమె చేసే పనే.

ఆమె పేరు ఇక్కడ రాయను. నా పేరు ఆమె ఎన్నడూ పలకలేదు.

రెండేళ్ల కింద, మా పెళ్లయిన నాలుగో నెలలో, అత్తగారి వాళ్లు రెండు రోజుల సెలవుకని అందర్నీ కోట్‌పల్లి తీసుకెళ్లారు. వాళ్లది వికారాబాదులో బట్టల దుకాణం. అంత దగ్గరికి వెళ్తూ కూడా అటుకుల చుడువా, సకినాలు, పచ్చళ్లు ఆరు డబ్బాల్లో సర్దుకున్నారు. రిసార్టు వాళ్లిచ్చిన కాగితంలో సాయంత్రం పడవ, పొద్దున నడక, మధ్యలో 'మీ చేతులతో మీరే చేసే ఇటాలియన్ వంట' అని రెండున్నర గంటల క్లాసు ఉన్నాయి. వంటకు మా మామ పేరు ఇవ్వనంటే, ఉత్తగా కూర్చోవచ్చు లెమ్మని నా భార్యే రాసేసింది.

నేను మెకానికల్ ఇంజినీరును. ఫ్యాక్టరీలో కోత మిషన్లు చూస్తాను. స్టీలు టేపు ఎప్పుడూ జేబులో ఉంటుంది. వంట అంటే కూడా కొలతే కదా అని ఒక గ్రాము వరకు చూపించే చిన్న తూకం మిషను వెంట తీసుకుపోయాను. ఆ క్లాసులో నాకు అదే మొదటి నష్టం.

వంట నేర్పేది ఎవరో పొడుగు టోపీ ఆయన అయి ఉంటాడనుకున్నాం. వచ్చింది అరవై దగ్గర పడిన పొట్టి ఆడమనిషి. జరీ అంచు నేత చీర, దాని మీద రిసార్టు వాళ్లు తొడిగించిన తెల్లకోటు. కోటు చేతులను మోచేతుల పైదాకా మడిచేసింది. టోపీ ఇచ్చారు గానీ దాంట్లో ఎల్లిపాయలు వేసుకుని పక్కన పెట్టుకుంది. కోటు జేబులోంచి ఒక చిన్న కత్తి తీసింది. దాని పిడికి సైకిలు ట్యూబు చుట్టి ఉంది. కువైట్‌లో ఆమె పనిచేసిన ఇంట్లో ఇటలీ నుంచి వచ్చిన ముసలామె ఉండేదట. ఆ ముసలామె చేతి కత్తి అది. ఆ ఇంటి గురించి నాకు తెలిసింది అంతే. ఎవరు ఏమడిగినా ఆ క్లాసులో ఆమె ఒకటే చెప్పింది. 'మా ముసల్దానికి నా మాట రాదు, నాకు దాని మాట రాదు. పద్నాలుగేండ్లు ఒక్క పొయ్యి కాడ ఉన్నం, కొట్లాట గూడ చేతులతోనే.'

ఆమె ఎవరి ముఖమూ చూడదు. చేతులు చూస్తుంది. ఎనిమిదిమందిమి బల్ల చుట్టూ నిలబడితే అందరి చేతులూ బల్ల మీద పెట్టించి, బజార్లో బెండకాయలు చూసినట్టు ఒక్కో జత చూసుకుంటూ పోయింది. సరిగ్గా చేసినవాళ్లను మెచ్చుకోదు. ఒకే మాట అంటుంది: 'సాకు.' అటు కర్ణాటక దిక్కు వాళ్లు చాలు అనడానికి అనే మాట అది. సాకు అని పక్కవాళ్ల దగ్గరికి జరుగుతుంది. ఆ క్లాసులో అదే మార్కు. నా భార్యకు ఇరవై నిమిషాల్లో వచ్చింది. ఉత్తగా కూర్చుంటానన్న మా మామకు గంటలో వచ్చింది. బట్టల కొట్లో నలభై ఏళ్లు తానులు విప్పి మడిచిన చేతులవి. నా దగ్గరి నుంచి మాత్రం ఆమె కదల్లేదు.

చేయాల్సింది చెవులు. రిసార్టు బోర్డు మీద దానికేదో పెద్ద పేరుంది గానీ ఆమె చెవులనే అనేది. మేం గుడ్డు ముట్టం అని మా అత్త ముందే చెప్పబోతే, సేట్ల ఇండ్లల్ల గుడ్డు నడవదని నాకు ఎర్కలేదా, మా ముసల్ది పిండి, నీళ్లే కలిపేది అంది. డబ్బాలోంచి పసుపుపచ్చటి పిండి తీసి అందరికీ గుమ్మరించింది. గోరువెచ్చటి నీళ్లతో కలపాలి. చిటికెనవేలు మందాన తాడులా చేయాలి. కత్తితో శనగగింజంత ముక్కలు కోయాలి. ఒక్కో ముక్కను బొటనవేలితో బల్ల మీద ఈడ్చి, అదే వేలి మీద తిరగేస్తే చిన్న చెవి అవుతుంది.

నేను తూకం మిషను తీసి పిండి దాని మీద పెట్టబోయాను.

'గదేంది?' అంది.

తూకం అన్నాను. నీళ్లెన్ని గ్రాములో చెబితే అన్నే పోస్తానన్నాను.

'జర జర పొయ్యి.'

జర అంటే ఎంత అని అడిగాను. పిండి అడిగినంత అంది. పిండి ఎట్లా అడుగుతుందన్నాను. ఆమె ఆ మిషను తీసి, ఎండు మిరపకాయల గిన్నె మీద మూతలాగా బోర్లించి, 'గిప్పుడు పనికొచ్చింది' అంది. నవ్వినవాళ్లను లెక్కపెట్టాను. ఏడుగురు. నా భార్య కూడా అందులో ఉంది.

రెండో నష్టం మెత్తదనం దగ్గర. పిండి చెవి తమ్మెంత మెత్తగా ఉండాలట. ఎవరి చెవి, ఎంతసేపు నొక్కి చూడాలి అని నేను అడిగాను. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాను. ఆమె చెయ్యి చాపి, పిండి అంటుకున్న వేళ్లతో నా ఎడమ చెవి తమ్మె పట్టుకుని నలిపింది.

'గీ చెవి గట్టిగున్నది. గీయనకు ఎవలన్న వేరే చెవి అరువియ్యుండ్రి.'

కొత్త అల్లుణ్ని. పెళ్లయి నాలుగు నెలలు. అత్తవారింట్లో నా కంచం ముందు పడనిదే ఇంకో కంచం పడని రోజులు. మా మామ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నా భార్య ఫోటో తీసింది. అందులో అందరూ పళ్లు బయటపెట్టి ఉన్నారు, నా ఎడమ చెవి ఒక్కటి పిండితో పసుపుపచ్చగా ఉంది. సాయంత్రానికల్లా ఆ ఫోటో వాళ్ల చుట్టాల గ్రూపులో ఉంది.

మూడోది తాడు. ఎంత పొడుగు చేయాలంటే, నా మూరంత అంది. ముంజేయి తాడు పక్కన పరిచి, 'గింత' అని చూపించింది. నేను ఊరుకోలేకపోయాను. టేపు తీసి మోచేతి కొస నుంచి నడిమివేలి కొసదాకా కొలిచాను. నలభై ఒక్క సెంటీమీటర్లు. కొలుస్తున్నంతసేపూ ఆమె చెయ్యి కదపలేదు.

'కొలుసుకో, కొలుసుకో. నా చెయ్యి ఏడికి వోతది. రాసుకున్నవా?'

రాసుకున్నాను. ఆమె మిగిలినవాళ్ల వైపు తిరిగి, ఈయన చేసేది గ్రాముల పని, మీరు చెవులు చెయ్యండని చెప్పింది. ఆ పూట నుంచి నేను గ్రాములాయన్ని. వికారాబాదులో అది గ్రాముల అల్లుడు అయింది. నేను వెళ్తే మా అత్త చాయ్ కలుపుతూ చక్కెర ఎన్ని గ్రాములు వెయ్యమంటవ్ అని అడుగుతుంది. దుకాణంలో గుమాస్తాలు కూడా నన్ను చూసి నవ్వు ఆపుకుంటారు.

మర్నాడు తాండూరు చేరగానే రిసార్టు మేనేజరుకు ఉత్తరం రాశాను. అందులో పదకొండు తప్పులు, వరుస అంకెలతో. రెండోది, టోపీ తలమీద కాక కూరగాయలకు వాడుతున్నారు. నాలుగోది, బల్ల మా వైపు నీలి నాపరాయి, అంటే సున్నపు రాయి. దాని మీదే టమాటాలు పిసకడం వల్ల పులుపుకు పాలిష్ తినేసి తెల్ల మరకలు పడ్డాయి. ఏడోది, పొడవుకు ప్రమాణం లేదు, నేర్పేవారు సొంత మూర (41 సెం.మీ.) వాడుతున్నారు. పదకొండోది చెవి గురించి. మేనేజరు క్షమించమని జవాబు రాశాడు. అన్ని కొలతలూ అచ్చు వేయించి గోడకు పెడతామన్నాడు. ఆ తర్వాత వారానికొకటి ఉండే ఆమె క్లాసు నెలకు రెండయింది. నా ఉత్తరం వల్ల అవునో కాదో నాకు తెలియదు. అడగలేదు. అప్పుడు మాత్రం సంతోషించాను.

ఎనిమిది నెలల తర్వాత మా మామ అరవయ్యో పుట్టినరోజు వచ్చింది. ఆ రోజు నా చేత్తో చెవులు చేసి పెట్టి, గ్రాముల అల్లుడు అన్న మాటను ఆ ఇంట్లోనే పూడ్చిపెట్టాలని నిర్ణయించాను. ఒక బుధవారం ఒక్కణ్నే కోట్‌పల్లి వెళ్లాను. ఆమె వంటగది వెనక అరుగు మీద మెంతికూర తుంచుతూ ఉంది. అచ్చు వేసిన కొలతల అట్టలు గోడ మీద లేవు. అరుగు మీద వరసగా పరిచి ఉన్నాయి. వాటి మీద చెవులు ఆరబెట్టి ఉన్నాయి.

నమస్కారం పెడితే నా ముఖం చూసి గుర్తుపట్టలేదు. తర్వాత చేతులు చూసి, గ్రాములాయనవు గద అంది. పద్నాలుగు మందికి చెయ్యాలి, కొలతలు కావాలన్నాను. వెక్కిరిస్తుందనుకున్నాను. వెక్కిరించలేదు. రాసుకో అంది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. బన్సీ రవ్వ కిలోన్నర. గోరువెచ్చని నీళ్లు ముప్పావు లీటరు. ఉప్పు చెంచన్నర. పావుగంట పిసుకుడు, తడి బట్ట కప్పి అర్ధగంట పక్కకు పెట్టుడు. మెంతికూర, ఎల్లిపాయ, ఎండుమిర్చి, నూనె. అన్నీ అంకెలతో. నేను తిరిగి చదివి వినిపించాను.

'అంత రాసుకున్నవా?'

రాసుకున్నానన్నాను.

'ఇంకేమన్న అడుగుతవా?'

నేను గడులు గీసుకొచ్చిన కాగితం పైనుంచి కిందికి మళ్లీ చూశాను. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఏమీ లేదన్నాను. ఆమె మళ్లీ మెంతికూర తుంచడం మొదలుపెట్టింది.

పుట్టినరోజు నాడు వికారాబాదులో అత్తవారి వంటగదిలో నుంచి అందర్నీ బయటకు పంపించాను. రవ్వ తూచాను, నీళ్లు తూచాను, ఉప్పు తూచాను. గడియారం పెట్టి పిసికాను. రవ్వ పలుకు పలుకుగానే ఉంది. తాడు చేస్తే తునిగిపోతోంది. ఎట్లాగో నాలుగు వందల చెవులు ఒత్తి మరిగే నీళ్లలో వేశాను. రెండు నిమిషాల తర్వాత మూత తీస్తే గిన్నెలో ఒక్క చెవి లేదు. మా అత్త వచ్చి చూసి, నీళ్లు వంపేసి, పోపు పెట్టి, కరివేపాకు వేసి వడ్డించింది.

మా మామ రెండు ముద్దలు తిని అందరికీ వినిపించేట్టు చెప్పాడు. 'మా అల్లుడు ఇటలీకి పోయి ఉప్మా తెచ్చిండు.'

వాళ్లింటి డాబా మీది నుంచే రిసార్టుకు ఫోన్ చేసి ఆమెను పిలిపించాను. మీరు చెప్పిన ప్రతి అంకె పాటించాను, ఇట్లా అయిందన్నాను.

'రవ్వ గిర్నిల మల్ల పట్టిచ్చినవా?'

క్లాసు రోజు ఆమె డబ్బాలో ఉన్నది రవ్వ కాదు, పిండిమరలో రెండోసారి పట్టించిన రవ్వ. అది చూశాను, చేత్తో ముట్టుకున్నాను కూడా. అయినా తట్టలేదు. మీరు చెప్పలేదు కదా అన్నాను.

'నువ్వు అడగలె గద. నీ ఉత్తరంల గూడ రాయలె. పదకొండు రాసినవంట, చదివి ఇనిపిచ్చిండ్రు. గిది పన్నెండోది.'

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా మండింది. ఎనిమిది నెలలు ఊరుకుని, నేనే నడిచి వచ్చేదాకా ఆగి, ఇంకేమన్న అడుగుతవా అని ఒక అవకాశం కూడా ఇచ్చి మరీ కొట్టింది. అంత పద్ధతిగా పగ తీర్చుకున్న మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. నేను అంతకంటే పద్ధతిగా తీర్చుకోవాలనుకున్నాను.

ఏడాదిపాటు తాండూరులో మా ఇంట్లో ప్రతి రెండో ఆదివారం చెవులు చేశాను. గిర్ని ఆయనకు నా రవ్వ సంచి దూరం నుంచే తెలిసేది. ఫ్యాక్టరీలో ఒక పలకను అద్దంలా కాకుండా, చేతికి కొంచెం పట్టు దొరికేలా సాన పట్టించి వంటగదిలో పెట్టాను. పట్టికలో ఏడు నిలువు గడులు: తేదీ, రవ్వ, నీళ్లు, ఉప్పు, పిసికిన సమయం, ఆగిన సమయం, ఫలితం. తొమ్మిదోసారికి చెవులు విడిపోవడం ఆగింది. పదహారోసారికి ఆకారం వచ్చింది. ఇరవైమూడోసారి మా అమ్మ నన్ను అడగకుండానే రెండోసారి వడ్డించుకుంది. కలిపిన ప్రతిసారీ చివర్లో ఎన్ని నీళ్లు అదనంగా పడ్డాయో విడిగా రాసి ఉంచాను. ఆమె ముందు చెప్పాలనుకున్న వాక్యం అక్కడి నుంచి వచ్చింది: 'మీరు జర అనేది పద్నాలుగు గ్రాములు.'

డబ్బా ఆమె ముందు పెడతాను. ఆ వాక్యం చెబుతాను. ఆమె తింటుంది. సాకు అనక తప్పదు. ఇదీ ఆదివారానికి నా పథకం.

సోమవారం ఆమె కొడుకు వచ్చాడు.

బండ ఎంత సైజు కావాలని అడిగాను. నాలుగు మూరల పొడుగు, రెండు మూరల ఎడల్పు అన్నాడు. అంతకంటే పెద్దది వేస్తే చేన్ల జాగ దండుగైతదని మంచంలో పడ్డ తర్వాత ఆమే చెప్పిందట. ఎవరి మూరతో అన్నాను. అవ్వ మూరతోనే అని, తన ముంజేయి చూపించి, నాది పొడుగు, గిది లెక్కకు రాదు అన్నాడు. మరి ఆమె మూర ఎంతో నీకెట్లా తెలుసన్నాను.

'నాకేం ఎర్క సేటు. తాండూర్ల గ్రాములాయన తాన పో, నా మూర ఆయన కాడ రాసున్నది అన్నది. బజార్ల అడుగుతె ఎవలికి తెల్వలె. రిసార్టోళ్లు మీ ఫ్యాక్టరీ చెప్పిండ్రు.'

నేను అతన్ని కూర్చోమని చెప్పి లోపలికి వెళ్లాను. పాత నోటుబుక్కు బీరువాలో ఉంది. అందులో ఆ ఉత్తరం చిత్తుప్రతి ఉంది. ఏడో తప్పు: నేర్పేవారు సొంత మూర (41 సెం.మీ.) వాడుతున్నారు.

ఆ అంకె ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. రిసార్టు వాళ్లు నా ఉత్తరం దాచుకుని ఉండరు. ముప్పైతొమ్మిది అని కోస్తే ఎవరికీ తెలియదు. ఎనిమిది సెంటీమీటర్లు తగ్గి, పాదాల దగ్గర మన్ను బయటపడి ఉంటుంది. నలభైమూడు అంటే చేనులో అంతమేర దండుగ అవుతుంది. ఆమె మీద నాకు మిగిలిన చివరి అవకాశం అదే. కొంతసేపు ఆలోచించాను. ఎంతసేపో రాసుకోలేదు.

కొలత తప్పుగా రాయడం నా చేత కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే నా దగ్గరికి పంపింది. చచ్చిపోయి కూడా నా చేత పని చేయించుకుంటోందని మళ్లీ మండింది.

నాలుగు మూరలంటే 1640 మిల్లీమీటర్లు. రెండంటే 820. మందం నలభై. కోత రంపానికి పోయే నాలుగు మిల్లీమీటర్లు ముందే కలుపుకుని గీత గీశాను. మిషను దగ్గర పనివాళ్లను పక్కకు తప్పించి నేనే నిలబడి కోశాను. సాన మాత్రం నా వంటగది పలకకు పట్టినట్టే పట్టాను. చేయి పెడితే జారదు, గీరుకోదు. రిసార్టు బల్ల నున్నగా జారుతుందని క్లాసులో ఆమె సణుగుతూనే ఉంది. ఇక సణగడానికి ఆమెకు ఏమీ మిగలకూడదని అట్లా చేశాను.

ఆదివారం బండతో పాటు నేనూ పెద్దేముల్ వెళ్లాను. చేన్లో కంది కోసిన మోళ్లున్నాయి. ఒక పక్కగా మట్టి దిబ్బ. రాత్రి ఒత్తి పొద్దున ఉడికించిన చెవుల డబ్బా కారులో ఉంది. దిబ్బ తల దగ్గర ఆమెకని అన్నం ముద్ద, పచ్చి ఉల్లిగడ్డ పెట్టి ఉన్నాయి. నేను డబ్బా దించలేదు. తినలేని మనిషి ముందు పెట్టి గెలవడం నాకు ఇష్టం లేదు.

నలుగురం కలిసి బండ దించాం. నీటిమట్టం పెట్టి చూసి, ఎడమ మూల కింద చారెడు మన్ను తీయించాను. సరిగ్గా కూర్చుంది. కొడుకు చుట్టూ తిరిగి చూసి, అవ్వ గింత పొట్టిదా సేటు అన్నాడు. టేపు తీసి పొడుగు కొలిచి చూపించాను. 1640. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

అతను వంగి బండ మీద అరచేయి పెట్టాడు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి జరిపి చూశాడు.

'సాకు,' అన్నాడు.

ఆ మాట అన్నది అతను. ఆమె కాదు. అందుకని దాన్ని నేను లెక్కలో వేసుకోలేదు. ఇంటికొచ్చి పట్టికలో ఇరవైనాలుగో వరుస నింపాను. రవ్వ, నీళ్లు, ఉప్పు, సమయాలు అన్నీ రాశాను. ఫలితం గడి ఖాళీగా ఉంచాను.